ఉన్నకాడనే నిలబడు

ఐదున్నర కాగానే నర్సింహులు గారు లేచి నిలబడేవారు. చెప్పుకుంటే ఇందులో పెద్ద విశేషమేమీ లేదు. కానీ రెండు వేల ఐదులో, పంజాగుట్టలోని మా మూడో అంతస్తు ఆఫీసులో, ఐదున్నరకి కుర్చీలోంచి లేవడమంటే పెళ్లిపందిట్లో తాళి కట్టకముందే విస్తరి ముందు కూర్చున్నట్టు. అన్ని తలలూ ఒక్కసారి ఆయన వైపు తిరిగేవి. ఆయన మాత్రం కంప్యూటర్ ఆపి, కుర్చీని బల్ల కిందికి నెట్టి, టిఫిన్ డబ్బా సంచి భుజాన వేసుకుని, "పోయొస్త చెల్లె" అని నాతో చెప్పి వెళ్లిపోయేవారు.

నా పేరు ఉదయలక్ష్మి. మాది తణుకు. అప్పట్లో అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్లో, నాలుగు మంచాల గదిలో ఒక మంచం నాది. నాకు నోరెక్కువని మా ఇంట్లో అంటారు, నిజమే. ఆయన పక్క సీటు కాబట్టి ఊరుకునేదాన్ని కాదు.

"ఏంటండీ ఆ తొందర? బస్సు మీకోసం తాంబూలం పట్టుకుని నిలబడి ఉంటుందా?" అనేదాన్ని.

"బస్సు కాదు చెల్లె, తమ్ముడు నిలబడి ఉంటడు" అనేవారు నవ్వుతూ. అది మాటవరసకి అన్నమాటనుకున్నాను చాలా రోజులు.

మాది హాలెండ్ వాళ్ల కంపెనీకి పని చేసిపెట్టే ఆఫీసు. వాళ్లు తయారుచేసే పంపుల బొమ్మలు పాత కాగితాల మీద ఉండేవి. వాటిని మా కుర్రాళ్లు కంప్యూటర్లో మళ్లీ గీసేవారు. గీసినవి సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం నర్సింహులు గారి పనీ, నా పనీ. అదే కంపెనీకి జపాన్‌లో ఒక ఫ్యాక్టరీ ఉండేది, వాళ్ల బొమ్మలూ మాకే వచ్చేవి. అందుచేత పొద్దుట జపాన్ వాళ్లతో, మధ్యాహ్నం నుంచి హాలెండ్ వాళ్లతో మాట్లాడుతూ, ఎవరు ఎలా పనిచేస్తారో మాకు బాగానే తెలిసొచ్చింది.

హాలెండ్ వాళ్లకి మొహమాటం అనేది పుట్టుకతోనే రాలేదు. "ఈ వారం నావల్ల కాదు" అని రాసేసేవారు, పైవాడికైనా సరే. సాయంత్రం ఐదు దాటితే అక్కడ ఫోన్ ఎత్తే మనిషి ఉండడు. ఒకావిడ ఎండాకాలం సెలవు పెట్టి, ఈమెయిల్ పంపితే 'మా అమ్మగారి తోటలో ఉన్నాను, ఆగస్టులో కలుద్దాం' అని దానంతటదే జవాబు వచ్చేలా పెట్టి వెళ్లిపోయింది. కానీ శుక్రవారం ఇస్తామంటే శుక్రవారం ఇచ్చేవారు. అందులో తిరుగులేదు. జపాన్‌లో మొరిత గారని ఒక ఇంజినీరు, ఆలస్యం కాకముందే ఆలస్యమవుతుందేమోనని క్షమాపణ రాసేవారు. ఒకసారి మధ్యాహ్నం దాటాక వీడియోలో మాట్లాడుతుంటే ఆయన వెనక వరుసంతా కనిపించింది. అక్కడ సాయంత్రమైపోయినా ఎవరూ కదలరు. మూలనున్న పెద్దాయన లేచి కోటు తొడుక్కున్నాక, ఒక్కొక్కరే దీపాలు ఆర్పుకున్నారు. "అరె, మనలాగే ఉన్నారే!" అని బొమ్మలు గీసే మా భార్గవ్ తెగ సంబరపడ్డాడు.

మనలాగా! మనం మాత్రం ఏది అడిగినా "అయిపోతుంది సార్" అనేవాళ్లం. దానర్థం అయిపోతుందని కాదు, మీరు బెంగ పెట్టుకోకండి అని. ఆ సంగతి అటు హాలెండ్ వాళ్లకీ తెలియదు, ఇటు జపాన్ వాళ్లకీ తెలియదు. అన్నాం కాబట్టి పొద్దుపోయేదాకా కూర్చునేవాళ్లం, కూర్చున్నాం కాబట్టి మధ్యలో సమోసాలు తెప్పించుకునేవాళ్లం.

నర్సింహులు గారు ఈ మూడింట్లో దేనికీ చెందరు. ఆయన పుట్టి పెరిగింది ఎర్రగడ్డలో. తండ్రి సిద్దిపేట వైపు నుంచి వచ్చి సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో చేరాడట. ఆయన పోయాక అదే ఫ్యాక్టరీ డ్రాయింగు సెక్షన్‌లో కొడుక్కి ఉద్యోగమిచ్చారు. సైరన్ కూసిందంటే గీత సగంలో ఉన్నా పెన్సిల్ పక్కన పెట్టి లేచేవారట అందరూ.

"అంటే పని మీద శ్రద్ధ లేనట్టేగా?" అన్నాను నేను.

ఆయనకి కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. "గట్లంటవేంది చెల్లె? ఇరవై ఏండ్లు ఒక్కటే గేట్లకెళ్లి లోపటికి పోయిన. గేటు మూసేసినంక సుత, తెల్లారితె కాళ్లు అటే పోయేటియి. రుద్రమ్మ ఎనుకకు పిలిచేది."

రుద్రమ్మ ఆయన భార్య. ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. పిల్లల్లేరు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆవిడే పోరి ఆయన్ని అమీర్‌పేట పంపిందట, కంప్యూటర్ నేర్చుకోమని. నలభై ఐదేళ్ల మనిషి, గోడ కనబడకుండా కోర్సుల బోర్డులు వేలాడే ఆ సందులో ఒక ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కితే, బల్ల దగ్గరి అమ్మాయి "అబ్బాయిని తీసుకురాలేదా సార్?" అని అడిగిందట. "అబ్బాయి నేనేనమ్మ" అన్నారట ఈయన. ఆ మాట చెప్పినప్పుడల్లా కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వేవారు. ఆ వయసులో నేర్చుకుని, అరడజను ఆఫీసుల్లో కాదనిపించుకుని, ఏడాది కాంట్రాక్టు మీద మా దగ్గర చేరారు.

మా మేనేజర్ ఫణీంద్ర గారిది విజయవాడ. నాకంటే ఐదారేళ్లు పెద్ద. చెడ్డవాడు కాదు పాపం. రోజూ అందరికంటే ముందొచ్చి అందరికంటే వెనక వెళ్లేవాడు. వాళ్లమ్మాయికి అప్పుడు ఏడాది నిండింది. ఆ పిల్ల మేలుకుని ఉండగా చూసేది ఆదివారమేనని ఆయనే గొప్పగా చెప్పేవాడు. కమిట్‌మెంట్ అన్న మాట ఆయనకి ఊతపదం. కాఫీ యంత్రం పాడైతే దానికి కూడా కమిట్‌మెంట్ లేదనేవాడు.

ఆ ఏడు జులైలో హాలెండ్ నుంచి ఒక కబురొచ్చింది. మరైకె అని, ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఆవిడ, హాలెండ్, జపాన్, ఇండియా ఆఫీసుల్లో ఎవరికి పని మీద ఎంత నిబద్ధత ఉందో పోల్చి చూస్తోందట. ముందు అందరూ కొన్ని ప్రశ్నలకి జవాబులు రాయాలి, తర్వాత ఆవిడ స్వయంగా వచ్చి చూస్తుంది. ఇంకొంచెం ఎక్కువ జీతమిస్తే ఈ కంపెనీ వదిలి వెళ్తారా అన్నది ఒక ప్రశ్న. మా వాళ్లంతా 'ఎన్నటికీ వెళ్లం' అని రాశారు. అలా రాస్తున్నప్పుడు భార్గవ్ సంచీలో మాదాపూర్ కంపెనీ వాళ్లిచ్చిన ఆఫర్ లెటర్ ఉంది, మాకందరికీ చూపించాడు కూడా. మీ ఇష్టంతో ఆఫీసు వేళ దాటి ఎంత తరచుగా పనిచేస్తారన్నది ఇంకో ప్రశ్న. అందరం 'ఎప్పుడూ' అని రాస్తే, నర్సింహులు గారొక్కరూ 'ఎన్నడూ లేదు' అని రాశారు.

ఆ జవాబులు తన చేతికి రాగానే ఫణీంద్ర గారు మా సీట్ల దగ్గరికే వచ్చాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"నర్సింహులు గారూ, మీ కాంట్రాక్టు ఈ నెలాఖరుతో అయిపోతుంది. పొడిగించమని నేనే రాయాలి. ఏ మొహం పెట్టుకుని రాయను చెప్పండి? రేపు ఆవిడ వస్తోంది. కనీసం రేపు ఒక్కరోజు, ఆవిడ లేచేదాకా ఎవరూ సీట్లోంచి లేవకూడదు. మీరైనా సరే. ఆ తర్వాత నేను రాస్తాను."

"ఒక్క దినమేనా సార్?"

"ఒక్కరోజే."

ఆయన తలూపారు. కానీ ఆ సాయంత్రం బస్సుకి వెళ్తూ మెట్ల దగ్గర ఆగి, నన్ను పిలిచి, అప్పుడు చెప్పారు తమ్ముడి సంగతి.

తమ్ముడి పేరు అయిలేశం. నలభై దాటినా బుద్ధి ఏడెనిమిదేళ్ల దగ్గరే ఆగిపోయింది. పగలంతా ఎర్రగడ్డ రైతుబజారులో పోచమ్మ అనే ఆవిడ కూరగాయల దుకాణంలో బస్తాలు మోస్తాడు. సాయంత్రం ఆవిడ ఇచ్చిన కొత్తిమీర కట్టో, రెండు వంకాయలో పట్టుకుని బస్‌స్టాపులో నిలబడతాడు, అన్న దిగేదాకా. రుద్రమ్మ వెళ్లి చేయి పట్టుకున్నా కదలడు.

"చిన్నగున్నప్పుడు జాతర్ల తప్పిపోయిండు చెల్లె. దొరికినంక నేనే చెప్పిన, ఎప్పుడన్న తప్పిపోతె ఉన్నకాడనే నిలబడు, యాడికీ పోకు, నేనొచ్చి తోలుకపోత అని. ఇగ గదే పట్టుకున్నడు. వాన కొట్టినా కదలడు. రేపు లేటయితదని వానికి చెప్తా. సరే అంటడు. కని లేటంటె ఏందో వానికేం ఎరుక?"

"ఫణీంద్ర గారితో ఈ మాట చెప్పకపోయారా?"

"చెప్తె పాపమని పెడ్తడు నౌకరి. పాపమని పెట్టుకున్నోడు ఎన్నొద్దులు ఉంచుకుంటడు?" అన్నారు. సంచీ భుజాన సర్దుకుని మెట్లు దిగిపోయారు.

మర్నాడు మరైకె వచ్చింది. పొడుగ్గా, నూలు చొక్కాలో, అచ్చం మా ఊరి డ్రిల్లు టీచరులా ఉంది. పొద్దుటినుంచి ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడింది. సాయంత్రానికి మా హాల్లోనే చివరి బల్ల దగ్గర చేరి ఏదో రాసుకోవడం మొదలెట్టింది. బయట మబ్బు పట్టింది.

ఐదున్నరయింది. నర్సింహులు గారు లేవలేదు. అలవాటు కొద్దీ అన్ని తలలూ ఆయన వైపు తిరిగి, ఏమీ కనబడక వెనక్కి వెళ్లాయి.

ఆరు దాటింది. మరైకె వాచీ చూసుకుంది. మమ్మల్ని చూసింది. మేము వెంటనే తెరల్లోకి తలలు దూర్చేశాం. ఆవిడ మళ్లీ రాసుకోసాగింది. కాసేపటికి సంచీ సర్దుకుంది, మళ్లీ మమ్మల్ని చూసింది, సంచీలోంచి కాగితాలు తీసి మళ్లీ బల్ల మీద పరిచింది. ఫణీంద్ర గారు ఆవిడకి కాఫీ పంపాడు. ఆవిడ నవ్వి తాగింది. అది ఎన్నో కాఫీయో. వాన మొదలైంది. నా ముందున్న బొమ్మని అప్పటికి నాలుగోసారి సరిచూస్తున్నాను, చేయడానికి పనేదీ లేక.

నర్సింహులు గారు నిమిషానికోసారి గోడ గడియారం చూస్తున్నారు. నేను ఆయన వైపు వంగి, "వెళ్లండి, నేను చెప్పుకుంటాను" అన్నాను.

"నౌకరి పోతె ఈ వయసుల మల్ల ఎవడిస్తడు చెల్లె? ఒక్క మిషన్ మీద ముగ్గురం బతుకుతమా?" అన్నారు. అంటూనే కిటికీ వైపు చూశారు. ధారగా కురుస్తోంది. కంప్యూటర్ ఆపారు. కుర్చీ బల్ల కిందికి నెట్టారు. సంచీ భుజాన వేసుకుని ఫణీంద్ర గారి ముందుకి వెళ్లి నిలబడ్డారు.

"సార్, నేను పోత. కాంట్రాక్టు మీ ఇష్టం."

ఫణీంద్ర గారు మరైకె వైపు చూశాడు. ఏమనేవాడో తెలియదు. అప్పుడే తలుపు తెరుచుకుంది. మా వాచ్‌మన్ ఒక మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. తలనుంచి కాళ్లదాకా నీళ్లు కారుతున్నాయి ఆ మనిషికి. చేతిలో కొత్తిమీర కట్ట.

"అన్నా!" అన్నాడు ఆ మనిషి, హాలు మారుమోగేలా.

నర్సింహులు గారు పరుగున వెళ్లి అతని రెండు భుజాలూ పట్టుకున్నారు. "ఎట్లొచ్చినవ్‌రా? ఎవ్వరు తోలుకొచ్చిన్రు?"

"నడుసుకుంట వచ్చిన. బస్సు అచ్చే తొవ్వకు ఎదురుంగ నడిసిన. పొయిన ఐతారం సూపిచ్చినవ్ గద, గీ బంగ్ల."

ఎర్రగడ్డ నుంచి ఎస్సార్‌నగర్, అక్కణ్ణుంచి అమీర్‌పేట, అక్కణ్ణుంచి పంజాగుట్ట. సాయంత్రం వేళ, వానలో, ఆ బస్సుల మధ్య.

నర్సింహులు గారికి భయం కోపమైంది. "ఉన్నకాడనే నిలబడుమన్న గదరా నిన్ను! ఎన్నిసార్లు చెప్పిన?"

అయిలేశం ఆయన్ని వింతగా చూశాడు, ఇంత పెద్దవాడివి ఇది కూడా తెలియదా అన్నట్టు.

"తప్పిపోయినోళ్లు గద నిలబడేది. నేను తప్పిపోలే. నువ్వు తప్పిపోయినవ్. నువ్వు ఉన్నకాడనే నిలబడ్డవ్. అందుకే నేనొచ్చిన."

నర్సింహులు గారు తన జేబురుమాలు తీసి తమ్ముడి నెత్తి తుడిచారు, పసివాడికి తుడిచినట్టు.

"అవున్రా. తప్పిపోయిన. దొరికిన గద, పా ఇంటికి" అన్నారు.

ఏం జరిగిందని మరైకె నన్నడిగింది. చెప్పాను. నా ఇంగ్లీషు అంతంత మాత్రం, పైగా ఏడుపొకటి అడ్డొచ్చింది, అయినా చెప్పాను. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి రెండు చేతులతో మొహం కప్పుకుంది. తర్వాత, తను ఇందాకటినుంచీ వెళ్దామనే చూస్తున్నానని చెప్పింది. ఇండియాలో ఇంటివాళ్లు పనిలో ఉండగా అతిథి లేచి వెళ్లిపోతే అవమానంగా తీసుకుంటారని బయల్దేరే ముందు ఎవరో చెప్పారట. మేమెవరమూ లేవడం లేదు కాబట్టి తనూ కూర్చుందట.

"మీరు లేవలేదని మేం కూర్చున్నాం" అన్నాడు ఫణీంద్ర గారు, నీరసంగా. ముందు భార్గవ్ నవ్వాడు, తర్వాత అందరం నవ్వాం. ఆ నవ్వులో సిగ్గు కూడా ఉంది.

మా దేశంలో వేళ దాటి ఎవరైనా కూర్చుంటే పని సరిగ్గా పంచలేదనో, ఇంటికి వెళ్లాలని లేదనో అనుకుంటాం అంది మరైకె, సంచీ తగిలించుకుంటూ. ఆ రెండో మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. నేను తల దించుకున్నాను.

ఫణీంద్ర గారు అన్నదమ్ములిద్దర్నీ తన కారులోనే ఎర్రగడ్డలో దింపి, అటునుంచటే ఇంటికి వెళ్లాడు. ఆ పూట వాళ్లమ్మాయి మేలుకునే ఉందట. మర్నాడు కాంట్రాక్టు పొడిగించమని రాశాడు. ఏం రాశాడో నాకు తెలియదు గానీ, ఏడాదికి బదులు మూడేళ్లకి వచ్చింది. మూడు దేశాల లెక్కలో మేమెక్కడ తేలామో మాత్రం మాకెవరూ చెప్పలేదు.

ఆ తర్వాత చిక్కొకటి వచ్చి పడింది. అన్న తప్పిపోయే రకమని అయిలేశం తీర్మానించుకున్నాడు. ఎంత చెప్పినా ఎర్రగడ్డ స్టాపులో నిలబడనన్నాడు. పోచమ్మ అతన్ని కాస్త ముందే వదిలేయడం మొదలెట్టింది, రుద్రమ్మ బస్సెక్కించేది, అయిలేశం పంజాగుట్టలో దిగి మా ఆఫీసు గుమ్మంలో నిలబడేవాడు. "నర్సింహులన్నా, మీ తమ్ముడొచ్చిండు" అని వాచ్‌మన్ పైకి ఫోన్ చేసేవాడు. ఆ ఫోన్ మోగితే నర్సింహులు గారితో పాటు ఇంకో ఇద్దరు ముగ్గురు లేచేవారు. రానురాను ఇంకొందరు. ఫణీంద్ర గారు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

నేను లేచేదాన్ని కాదు. లేచి ఎక్కడికి పోవాలి? హాస్టల్లో నా మంచం మీద, మిగతా ముగ్గురూ వాళ్ల వాళ్లతో ఫోన్లో గుసగుసలాడుతుంటే వింటూ పడుకోవాలి. ఆఫీసులో దీపాలైనా ఉంటాయి. నా కమిట్‌మెంట్‌కి ఫణీంద్ర గారు రెండుసార్లు మెచ్చుకోలు పత్రం ఇచ్చాడు.

ఒకరోజు వాన పడుతుంటే వాచ్‌మన్ అయిలేశాన్ని పైకే పంపాడు. నర్సింహులు గారు సంచీ సర్దుకుంటుంటే, అతను నా బల్ల పక్కన నిలబడి నన్నే చూశాడు.

"ఈ అక్కను ఎవ్వరు తోలుకపోతరన్నా?"

నర్సింహులు గారు ఇబ్బందిపడి, "చుప్, గట్లడగద్దు" అన్నారు.

"ఎవరూ రారు" అన్నాను నేను. హాస్యంగా అందామనుకున్నాను, కుదరలేదు.

అయిలేశం నా మీదికి వంగాడు. "నువ్వు సుత తప్పిపోయినవా అక్కా?"

అతను నా జవాబు కోసం ఆగలేదు. బల్ల మీదున్న నా సంచీ తీసి, బస్తా ఎత్తినంత తేలిగ్గా భుజాన వేసుకుని, "పా" అన్నాడు. నేను కంప్యూటర్ ఆపి, కుర్చీని బల్ల కిందికి నెట్టి లేచాను.

ముగ్గురం ఒక గొడుగులో సగం సగం తడుస్తూ అమీర్‌పేట దాకా నడిచాం. హాస్టల్ గేటు దగ్గర సంచీ నా చేతికిచ్చి, లోపలికి వెళ్లమని సైగ చేశాడు. నేను మెట్లెక్కి వెనక్కి తిరిగేసరికి ఇంకా అక్కడే ఉన్నాడు, అన్న చేయి పట్టుకుని.

"రేపు సుత వస్తం అక్కా" అని కేకేశాడు. "ఉన్నకాడనే ఉండు."